కొలోన్ కెథడ్రల్: రైలు మారే నాలుగు గంటల్లో ఏం చూడాలి?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: అమ్మానాన్నలతో వెళ్తూ జర్మనీలోని కొలోన్‌లో రైలు మారాలి, మధ్యలో నాలుగు గంటలు ఖాళీ. స్టేషన్ పక్కనే పెద్ద కెథడ్రల్ ఉందట. "మసిబారిన పెద్ద చర్చి, పది నిమిషాల్లో సెల్ఫీ దిగి వచ్చేయొచ్చు" అని స్నేహితుడు చెప్పాడట. అంతేనా, ఇంకేమైనా ఉందా? పెద్దవాళ్లతో టవర్ ఎక్కగలమా?

నేను ఈ ఊళ్లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. రోజూ ఆఫీసు రైలు పట్టుకోవడానికి ఈ కెథడ్రల్ పక్క నుంచే నడుస్తాను. మనవాళ్లు ఎవరొచ్చినా చూపించే డ్యూటీ నాదే కాబట్టి, ఎవరికి ఎక్కడ బోర్ కొడుతుందో కూడా బాగానే తెలుసు.

మీ స్నేహితుడు చెప్పింది అబద్ధం కాదండీ. చాలామంది చేసేది అదే. స్టేషన్ గుమ్మంలోంచి బయటికొస్తారు, తలెత్తి "అబ్బో" అంటారు, ఫోన్ నిలువుగా పట్టుకుంటారు, టవర్లు ఫ్రేములో పట్టవు, ఇంకో రెండడుగులు వెనక్కి వేస్తారు. లోపలికెళ్లి ఒక చుట్టు చుట్టి వచ్చేస్తారు. అలా చూస్తే పది నిమిషాలు కూడా ఎక్కువే.

నా సలహా ఒక్కటే. ఎత్తు చూడకండి, అతుకులు చూడండి. ఈ కట్టడం ఒకరు మొదలుపెట్టి ఒకరు ముగించింది కాదు. 1248లో మొదలై 1880లో పూర్తయింది. మధ్యలో మూడు శతాబ్దాల పాటు పని దాదాపు ఆగిపోయింది. ఆ తర్వాత యుద్ధంలో బాంబులు తిన్నది. ఏ కాలం పని ఎక్కడ ఆగింది, ఎక్కడ అతికారు, ఎక్కడ మాసిక వేశారు అన్నది కంటికి కనబడుతుంది. అది పట్టుకుంటే నాలుగు గంటలు చాలవు.

ముందు ఒక చిన్న విషయం. కెథడ్రల్ అంటే పెద్ద చర్చి అని అనుకుంటాం. అసలు అర్థం బిషప్ పీఠం ఉన్న చర్చి అని. పీఠం లేకపోతే ఎంత పెద్దదైనా కెథడ్రల్ కాదు. ఫ్రెంచి వాళ్లు ఈ ఊరిని ఆక్రమించాక ఆర్చ్‌బిషప్ పీఠం రద్దయింది. 1801 నుంచి 1821 దాకా ఇంత పెద్ద కట్టడమూ లెక్క ప్రకారం మామూలు చర్చే. అంతకుముందు ఫ్రెంచి సైన్యం దీన్ని గడ్డి నిల్వకూ ఖైదీలను ఉంచడానికీ కూడా వాడుకుంది. ఎత్తు సంగతి ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా: టవర్లు 157 మీటర్లు. మన మెదక్ చర్చి గోపురం 175 అడుగులు, ఇది దానికి దాదాపు మూడింతలు. 1880లో పూర్తయినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం ఇదే. నాలుగేళ్లకు అమెరికాలోని వాషింగ్టన్ మాన్యుమెంట్ దాటేసింది.

ఇక నలుపు. అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు కడగరు?" అని. మా నాన్నగారు వచ్చినప్పుడు కూడా ఇదే అన్నారు, "ఇంత డబ్బున్న దేశం, సున్నం కొట్టించుకోలేరా?" అని. కట్టినప్పుడు ఇది లేత బూడిద, లేత గోధుమ రంగుల్లో ఉండేది. 1859లో స్టేషన్ సరిగ్గా దీని పక్కన పెట్టారు. పొరపాటున కాదు, కావాలనే: అప్పట్లో ఈ ఊరిని ఏలిన జర్మన్ రాజ్యం ప్రష్యా, దాని రాజు ఇష్టం ప్రకారం రైలు వంతెన కెథడ్రల్ నడిమి గీతకు ఎదురుగా వచ్చి ఆగుతుంది. అక్కడి నుంచి వందేళ్లు బొగ్గు ఇంజన్ల పొగ, చుట్టూ ఫ్యాక్టరీల పొగ. ఆ పొగలోని గంధకం వానతో కలిసి ఆమ్లమై, రాతిలోని సున్నపు పదార్థాన్ని జిప్సంగా మారుస్తుంది. ఆ జిప్సం మసిని పట్టుకుని నల్లటి పెచ్చులా కడుతుంది. అంటే ఇది పైన పట్టిన దుమ్ము కాదు, రాతి చర్మమే మారిపోయింది. గట్టిగా రుద్దితే నలుపుతో పాటు చెక్కడమూ పోతుంది. అందుకే మొత్తాన్ని కడిగే పని పెట్టుకోరు.

కానీ నలుపు అంతటా ఒకేలా ఉండదు, గమనించండి. పడమటి ముఖానికి ఎదురుగా నిలబడి కుడిచేతి టవర్ చూడండి. అది దక్షిణ టవర్. దాని కిందిభాగం మధ్యయుగాలది, పైన ఉన్నదంతా పందొమ్మిదో శతాబ్దం. టవర్ మొదట్లోకి వెళ్లి రాతిని దగ్గరగా చూడండి, వీలైతే అరచేయి పెట్టండి. అది ట్రకైట్ అనే అగ్నిపర్వతపు రాయి. బూడిదరంగు రాతిలో వేలి గోరంత, కొన్నిచోట్ల అంతకన్నా పెద్ద తెల్లటి బిళ్లలు కనబడతాయి, వేరుశెనగ చిక్కీలో పప్పుల్లాగా. అవి ఫెల్‌స్పార్ స్ఫటికాలు. చుట్టూ ఉన్న రాయి అరిగి కొన్ని స్ఫటికాలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, కొన్ని ఊడిపోయి గుంటలు మిగిలాయి. ఈ రాయి ఇక్కడికి ఎగువన రైన్ నది ఒడ్డునే ఉన్న డ్రాకెన్‌ఫెల్స్ కొండది. పడవల్లో నదివాలుకు దింపేవాళ్లు. తవ్వి తవ్వి ఆ కొండ మీది పాత కోట కూలిపోయే స్థితికి వస్తే, 1836లో ప్రష్యా ప్రభుత్వం కొండనే కొనేసి తవ్వకం ఆపించింది. దాంతో పందొమ్మిదో శతాబ్దంలో పని మళ్లీ మొదలుపెట్టినవాళ్లు వేరే రాళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. అందులో ష్లైట్‌డోర్ఫ్ అనే చోటి ఇసుకరాయి ఒకటి. చెక్కడానికి సుఖంగా ఉంటుంది, పొగకు అస్సలు తట్టుకోదు. ఈరోజు మరమ్మతుల్లో తలనొప్పి చాలావరకు ఆ రాయిదే. ఆరువందల ఏళ్ల నాటి రాయి కంటే నూటయాభై ఏళ్ల నాటి రాయి ఎక్కువ పాడైన కట్టడం ఇది. మా ఫీల్డ్‌లో ఇలాంటిది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అదే దక్షిణ టవర్ కింద ఉన్న గుమ్మం చూడండి, పీటర్ ద్వారం అంటారు. పడమటి వైపు మూడు ద్వారాల్లో మధ్యయుగాల్లో పూర్తయింది అదొక్కటే. మిగతా రెండూ పందొమ్మిదో శతాబ్దపు పని. బొమ్మల ముఖాలు పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. కొత్తవి మరీ నీటుగా, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టుంటాయి.

ఇప్పుడు అసలు కథ. ఇక్కడ అంతకుముందు ఉన్న పాత కెథడ్రల్ 1248 వసంతంలో తగలబడింది. కొత్తది కట్టడానికి పాతదాన్ని కొంతభాగం నిప్పుపెట్టి కూల్చబోతే మంటలు చేయిదాటి మొత్తం పోయింది. అదే ఏడాది ఆగస్టు 15న ఆర్చ్‌బిషప్ కొన్రాడ్ ఫాన్ హోక్‌స్టాడెన్ శంకుస్థాపన చేశాడు. మొదటి మేస్త్రీ పేరు గెర్‌హార్డ్. ఫ్రాన్సులో అమియాఁ కెథడ్రల్ అప్పుడే లేస్తోంది, ఆయన దాన్ని గుర్తుపెట్టుకుని అంతకంటే ఎత్తుకు గీశాడు. తూర్పు భాగం, అంటే ప్రధాన బలిపీఠం ఉండే క్వైర్, 1322లో ప్రతిష్ఠ జరిగింది. 74 ఏళ్లకు అదొక్కటే పూర్తి. చలి రాకుండా పడమటి వైపు తాత్కాలికంగా ఒక గోడ కట్టారు. ఆ తాత్కాలికపు గోడను తీసింది 1863లో.

తర్వాత దక్షిణ టవర్ మొదలుపెట్టి రెండంతస్తులు లేపారు, యాభై మీటర్లు దాటింది. పైన రాళ్లు లాగడానికి చెక్క క్రేన్ పెట్టారు. డబ్బులు తగ్గాయి, మతంలో చీలిక వచ్చింది, యాత్రికులు తగ్గారు, గోథిక్ ఫ్యాషన్, అంటే ఇలా మొనదేలిన కమానులతో కట్టే పద్ధతి, పోయింది. 1500ల మధ్యకొచ్చేసరికి పని పూర్తిగా ఆగిపోయింది. క్రేన్ మాత్రం దించలేదు. 1868 దాకా అది అక్కడే ఉంది! దాదాపు నాలుగు వందల ఏళ్లు ఈ ఊరి గుర్తు టవర్లు కాదు, సగం టవర్ మీద వంగి నిలబడ్డ క్రేన్. పాత చిత్రాల్లో కొలోన్ అంటే అదే కనబడుతుంది. ఇల్లు కట్టి చూడు అని మనవాళ్లు ఊరికే అన్నారా? మన ఊళ్లలో స్లాబు మీద వదిలేసిన ఇనుప చువ్వలు చూస్తే నాకు ఆ క్రేనే గుర్తొస్తుంది. "తర్వాత కడతాం" అనే ఆశ ఇద్దరిదీ ఒకటే.

మరి మూడు వందల ఏళ్ల తర్వాత కట్టినవాళ్లకు టవర్ ఎలా ఉండాలో ఎలా తెలిసింది? ప్లాన్ దొరికింది. సుమారు నాలుగు మీటర్ల పొడవున్న తోలు మీద గీసిన మధ్యయుగపు డ్రాయింగ్, పడమటి ముఖం మొత్తం. సగం ముక్క 1814లో డార్మ్‌స్టాట్‌లో ఒక అటక మీద బయటపడింది. దాని మీద చిక్కుళ్లు ఆరబోసేవారని ఇక్కడ చెప్పుకుంటారు. మిగతా సగం 1816లో పారిస్‌లో దొరికింది. రెండూ కలిపితే అతికినట్టు సరిపోయాయి. ఇప్పుడది కెథడ్రల్ లోపలే ఒక చాపెల్‌లో, అంటే చిన్న ప్రార్థన గదిలో ఉంది. జనం దాన్ని దాటుకుని వెళ్లిపోతుంటారు. నాకు మాత్రం ఇక్కడున్న బంగారం కంటే అదే విలువైనది. డ్రాయింగ్ గీసినవాడు చచ్చిపోయిన ఐదారు వందల ఏళ్లకు సైట్‌లో దాన్ని ఫాలో అయి కట్టారంటే, ఇంతకంటే ఒక ఇంజినీర్‌కు ఏం కావాలి?

1842 సెప్టెంబర్ 4న ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం రెండోసారి శంకుస్థాపన చేశాడు. ఆయన ప్రొటెస్టెంట్, కట్టేది క్యాథలిక్ కెథడ్రల్. భక్తి కంటే "జర్మన్లంతా ఒకటి" అనే రాజకీయం అందులో ఎక్కువ. ప్రభుత్వం కొంత ఇచ్చింది, ఊరివాళ్లు సంఘం పెట్టి చందాలు పోగుచేశారు, చాలకపోతే లాటరీ టికెట్లు అమ్మారు. చీఫ్ ఆర్కిటెక్ట్ స్విర్నర్ 1861లో చనిపోతే ఫోయ్‌గ్టెల్ అందుకుని ముగించాడు. 1880 అక్టోబర్ 15న చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ సమక్షంలో పూర్తయినట్టు పండగ చేశారు. తమాషా ఏంటంటే, 632 ఏళ్ల తర్వాత కెథడ్రల్ పూర్తయిన రోజున దాని ఆర్చ్‌బిషప్ ఊళ్లో లేడు. చర్చికీ ప్రభుత్వానికీ గొడవలై ఆయన అప్పటికే దేశం విడిచి వెళ్లిపోయాడు.

లోపలికి వెళ్లగానే పైకప్పు చూస్తారు. 43 మీటర్లు. రాయి అంత ఎత్తున ఎలా నిలబడిందో రెండు ముక్కల్లో చెప్తా. కమాను గుండ్రంగా ఉంటే బరువు పక్కలకు ఎక్కువ తోస్తుంది, మొన తేలి ఉంటే ఎక్కువ భాగం కిందికి దిగుతుంది. మిగిలిన పక్కతోపును గోడ మోయదు, బయట నుంచి అడ్డంగా వచ్చే రాతి చేతులు మోస్తాయి. అందుకే గోడలకు పని లేదు, వాటి స్థానంలో గాజు పెట్టేశారు. మళ్లీ బయటికొచ్చినప్పుడు తూర్పు వైపుకు వెళ్లి ఆ రాతి చేతులు చూడండి. లోపల అంత తేలిగ్గా ఉండటానికి బయట ఎంత పరంజా రాతిలో కట్టి వదిలేశారో తెలుస్తుంది. ఆ కప్పు పైన, మనకు కనబడని చోట, దూలాలు కలపవి కావు, ఇనుపవి. 1860ల తొలినాళ్లలోనే వేశారు, ఈఫిల్ టవర్‌కు పాతికేళ్లకు పైగా ముందు. అందరూ గోథిక్ అంటే పాతకాలం అనుకుంటారు కానీ దీని నెత్తిన ఉన్నది ఆనాటి లేటెస్ట్ టెక్నాలజీ.

అదే తర్వాత కాపాడింది. రెండో ప్రపంచ యుద్ధంలో దీనిమీద 14 పెద్ద బాంబులు పడ్డాయి. చుట్టూ ఊరు నేలమట్టమైంది, ఇది నిలబడింది. దేవుడు కాపాడాడని కొందరంటారు, నేను కాదనను. నా లెక్కలో కారణాలు ఇంకా ఉన్నాయి: కప్పులో కాలే కలప లేదు, గోడల్లో గాజే ఎక్కువ కాబట్టి పేలుడు గాలి తోసుకుపోయింది, పునాదులు చాలా లోతు. విలువైన పాత అద్దాలను ముందే విప్పి దాచారు. నష్టం లేదని కాదు, నావ్‌లో, అంటే జనం కూర్చునే మధ్య హాల్లో, కప్పు కొన్నిచోట్ల కూలింది. 1943 నవంబర్‌లో ఉత్తర టవర్ మూలలో ఒక బాంబు పెద్ద బొక్క చేసింది. టవర్ మొత్తం ఒరిగిపోయే ప్రమాదం. హడావుడిగా ఇటుకలతో ఆ బొక్క పూడ్చారు, 27,500 ఇటుకలు. పంటికి ఫిల్లింగ్ పెట్టినట్టు ఉందని ఊరివాళ్లు దానికి "డోమ్‌ప్లోంబె" అని పేరు పెట్టారు, అర్థం కూడా అదే. నల్లటి రాతి మధ్య ఇటుకల మాసిక యాభై ఏళ్లు అలాగే ఉంది. 1995 నుంచి 2005 దాకా పని చేసి రాతి నగిషీతో కప్పేశారు. కొందరు వద్దన్నారు, యుద్ధానికి గుర్తుగా ఉంచాలని. నాదీ అదే మాట. అన్ని అతుకులూ దాచాల్సిన పని లేదు.

లోపల చూడాల్సినవి చాలా ఉన్నాయి. మీకున్న టైములో మూడు చాలు.

మొదటిది, బలిపీఠం వెనక గాజు పెట్టెలో ఉన్న బంగారు మందసం. అసలు ఇంత కట్టడం లేచిందే దీనికోసం. బాలయేసును చూడ్డానికి తూర్పు దిక్కు నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానుల ఎముకలు ఇందులో ఉన్నాయని నమ్మకం, ఇక్కడ వాళ్లను ముగ్గురు రాజులంటారు. 1164లో ఆర్చ్‌బిషప్ రైనాల్డ్ వాటిని మిలాన్ నుంచి తెచ్చాడు. మర్యాదగా చెప్తే బహుమతి, ఉన్నదున్నట్టు చెప్తే యుద్ధంలో కొల్లగొట్టిన సొమ్ము. దాంతో యూరప్ నలుమూలల నుంచీ యాత్రికులు పోటెత్తారు, పాత చర్చి చాలలేదు. ఊరి చిహ్నం మీద మూడు కిరీటాలు ఉంటాయి చూడండి, అవి ఆ ముగ్గురివే. మందసాన్ని వెర్డన్ ఊరి నికోలాస్ అనే కంసాలి, అతని తర్వాత వచ్చినవాళ్లు సుమారు 1190 నుంచి 1225 దాకా చేశారు. పొడవు 220 సెంటీమీటర్లు, ఆకారం చిన్న చర్చిలాగే. ముందు పలకలో ముగ్గురు రాజులు కానుకలు పట్టుకుని ఉంటారు. వాళ్ల వెనక నాలుగో మనిషి కనబడతాడు. అతను బైబిల్లో లేడు. బంగారం ఇచ్చిన రాజు నాలుగో ఒట్టో, దాతగా తన బొమ్మ కూడా పెట్టించుకున్నాడు. మన గుళ్లలో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాయించినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ ట్యూబ్‌లైటు బంగారంది.

రెండోది, ఉత్తరం వైపు చాపెల్‌లో ఉన్న గేరో సిలువ. పదో శతాబ్దం చివరిది, ఓక్ చెక్క, మనిషంత ఎత్తు. అంతకుముందు యేసును సిలువ మీద రాజులా నిటారుగా, కళ్లు తెరిచి చూపించడమే ఎక్కువ. ఇందులో తల వాలిపోయి ఉంటుంది, కళ్లు మూసుకుని ఉంటాయి, ఒళ్లు కిందికి జారి పొట్ట ముందుకు ఉబ్బి ఉంటుంది. చనిపోయిన మనిషి బరువు భుజాల మీద పడితే ఎలా సాగుతుందో చెక్కినవాడికి తెలుసు. వెనకున్న బంగారు కిరణాలు 1683లో కలిపినవి, వాటిని కాసేపు మర్చిపోయి చూడండి. పాత కెథడ్రల్ కాలిపోయినా మిగిలింది ఇది. అంటే ఈ గోడలన్నిటికంటే వయసులో పెద్దది.

మూడోది కిటికీలు. దక్షిణం వైపు నడవలో ఐదు కిటికీలు బవేరియా రాజు మొదటి లూడ్విగ్ ఇచ్చినవి, 1848లో పెట్టారు. గాజు మీద ఆయిల్ పెయింటింగ్ వేసినట్టుంటాయి, ఒక్కొక్కటీ ఒక కథ. ఉత్తరం వైపు 1500ల మొదట్లోవి ఉన్నాయి. వీటి మధ్య దక్షిణపు అడ్డరెక్కలో, అంటే కట్టడం సిలువ ఆకారంలో పక్కకు చాచిన చేతిలో, ఒకటి కథే లేకుండా ఉంటుంది. యుద్ధంలో పాత కిటికీ పోయింది, 2007లో చిత్రకారుడు గెర్‌హార్డ్ రిక్టర్ కొత్తది గీశాడు. బొమ్మ లేదు, సాధువు లేడు, రాజు లేడు. ఒక్కొక్కటి 9.6 సెంటీమీటర్ల గాజు చతురస్రాలు పదకొండు వేలకు పైగా, 72 రంగులు, ఏది ఎక్కడ ఉండాలో చాలావరకు కంప్యూటర్ యాదృచ్ఛికంగా తేల్చింది. అప్పటి ఆర్చ్‌బిషప్ కార్డినల్ మైస్నర్‌కు నచ్చలేదు, బాహాటంగానే అన్నాడు. నాకూ మొదట నచ్చలేదు, పాడైన టీవీ తెరలా ఉందనుకున్నాను.

అభిప్రాయం మారింది ఒక చలికాలపు మధ్యాహ్నం. రైలు లేటని చలికి లోపలికెళ్లి కూర్చున్నాను. పన్నెండు దాటాక ఎండ వచ్చింది. చలికాలం కదా, సూర్యుడు కిందుగా ఉంటాడు. కిటికీలోంచి దిగిన రంగులు మొదట నేల మీద పడ్డాయి, గళ్లు కలిసిపోయి అంచులు లేకుండా. కాసేపటికి పక్కనున్న స్తంభం ఎక్కాయి. బూడిదరంగు రాయి ఒకవైపు పచ్చగా, ఇంకోవైపు ఎర్రగా అయింది. ముందు వరసలో ఒక ముసలావిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఆమె తెల్లటి జుట్టు కాసేపు ఊదా రంగులోకి మారింది. మబ్బు పట్టగానే అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఆరోజు రెండు రైళ్లు వదిలేశాను. ఆ కిటికీ చూడాల్సింది కిటికీ వైపు తిరిగి కాదు, నేల వైపు. మీరు మధ్యాహ్నం అక్కడుంటే, ఎండ ఉంటే, అదృష్టమే.

ఇంకా చెప్పుకోవాల్సినవి ఉన్నాయి. చిత్రకారుడు లోఖ్నర్ గీసిన బలిపీఠపు చిత్రం దక్షిణపు చాపెల్‌లో ఉంటుంది. క్వైర్‌లో 104 చెక్క ఆసనాలున్నాయి కానీ అన్ని వేళలా దగ్గరికి పోనివ్వరు. గంట కథ ఒక్కటి చెప్పి వదిలేస్తా. ఇక్కడి పెద్ద గంట బరువు 24 టన్నులు, 1923లో పోతపోశారు. ఊరివాళ్లు ముద్దుగా "డెక్కె పిట్టర్" అంటారు, లావు పీటర్ అని. అంతకుముందు ఫ్రెంచి ఫిరంగులు కరిగించి చేసిన ఇంకా పెద్ద గంట ఉండేది, మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్నే మళ్లీ కరిగించి లోహం వాడుకున్నారు. 2011 జనవరి 6న, సరిగ్గా ముగ్గురు రాజుల పండగ రోజున, లావు పీటర్ మోగుతూ మోగుతూ ఉండగా గంట నాలుక విరిగి పడింది, సుమారు 800 కిలోలు. ఎవరికీ ఏమీ కాలేదు. కొత్తది తేలిగ్గా, 600 కిలోలకు చేసి పెట్టారు.

మీరొచ్చినప్పుడు ఏదో ఒక మూల పరంజా తప్పకుండా ఉంటుంది. "ఫోటో పాడైంది" అని బాధపడకండి. ఇక్కడ డోమ్‌బౌహ్యుట్టె అని సొంత వర్క్‌షాప్ ఉంది: రాతి శిల్పులు, కమ్మర్లు, గాజు పనివాళ్లు, పరంజా కట్టేవాళ్లు, అందరూ జీతగాళ్లే. ఒకసారి అది చూసే వీలు చిక్కింది. ఒకమ్మాయి టవర్ పైకి వెళ్లే రాతి ఆకు చెక్కుతోంది. ఆకు వెనకవైపు ఈనెలు కూడా తీస్తోంది. పైన పెట్టాక గోడవైపు ఉండే భాగమది, పావురానికి తప్ప ఎవరికీ కనబడదు. ఎందుకు అని అడిగితే, పాతదానికి ఉన్నాయి అంది, అంతే. ఈ కెథడ్రల్ పని పూర్తయిన రోజు లోకం అంతమవుతుందని ఇక్కడ సామెతలా చెప్తారు. ఆ లెక్కన మనకిప్పట్లో టెన్షన్ లేదు. 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నదికి అవతల ఎత్తైన బిల్డింగులు కడతామంటే 2004లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి పోయింది, ప్లాన్లు తగ్గించుకున్నాక 2006లో బయటపడింది.

ఇక అమ్మానాన్నల సంగతి. టవర్ 533 మెట్లు, లిఫ్ట్ లేదు. రాతి మెలిక మెట్లు, ఇరుకు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందులోంచే. మా మామయ్యగారిని ఒకసారి మొహమాటానికి తీసుకెళ్లాను. "తిరుపతి నడిచి ఎక్కినవాణ్ణి, ఇదెంత" అన్నారు. తిరుపతిలో కూర్చోడానికి చోటుంటుంది, ఇక్కడ వెనక జనం ఉంటారు. సగంలో గోడకు ఆనుకుని నిలబడిపోయారు, పైకి పోలేక, కిందికి దిగలేక. గంటల గది దగ్గర కాసేపు కూర్చోబెట్టి దింపాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మోకాళ్ల నొప్పులో బీపీయో ఉంటే వద్దే వద్దు. మీరొక్కరే వెళ్లాలనుకుంటే గంట పక్కన పెట్టుకోండి. పైన చూడగలిగేది 97 మీటర్ల దాకానే, కంచె అడ్డం ఉంటుంది. నిజం చెప్పాలంటే అక్కడి నుంచి ఊళ్లో అన్నీ కనబడతాయి, అందమైనది ఒక్కటి తప్ప, ఎందుకంటే మీరు దాని మీదే నిలబడి ఉంటారు.

ముందు సామాను స్టేషన్ లాకర్‌లో పెట్టేయండి, పెద్ద సూట్‌కేసులతో లోపలికి రానివ్వరు. పూజ జరిగే వేళల్లో టూరిస్టులను తిరగనివ్వరు, ఎర్రటి అంగీల్లో ఉండే కాపలావాళ్లు మర్యాదగానే కానీ గట్టిగా ఆపేస్తారు. కాబట్టి ఆ వేళలు, టికెట్ల సంగతి బయల్దేరే ముందు కెథడ్రల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆదివారం పొద్దున అయితే లోపల చూడగలిగింది తక్కువే. టోపీలు తీసేయాలి, చలికాలమైతే స్వెట్టర్లు విప్పకండి, లోపల కూడా చల్లగానే ఉంటుంది.

పెద్దవాళ్లను మొదట దక్షిణ టవర్ రాయి దగ్గరికి తీసుకెళ్లండి, తర్వాత లోపల మందసం, సిలువ, కిటికీ. గంటన్నర పడుతుంది, మధ్యలో బెంచీలున్నాయి. తర్వాత ఓపికుంటే స్టేషన్ వెనకున్న హోహెన్‌జోలెర్న్ వంతెన మీద నడిచి నది దాటండి. నాలుగు వందల మీటర్లు, పక్కనే రైళ్లు పోతుంటాయి, కంచె నిండా ప్రేమికుల తాళాలు. అవతలి ఒడ్డున మెట్ల మీద కూర్చుని వెనక్కి తిరిగితే మొత్తం ఒక్కసారి కనబడుతుంది, ఫోన్‌లో కూడా నిలువునా పడుతుంది. మీ స్నేహితుడికి పంపాల్సిన ఫోటో అక్కడ తీసుకోండి. వెనక్కి నడవలేమంటే అవతల డాయిట్జ్ స్టేషన్ నుంచి లోకల్ రైలు ఒక్క స్టాపే.